తేదీకి పాపం అంటుతుందా? నవంబర్ 19 గురించి ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న

ఈ వారం మన వీడియోలో ఎనిమిది నిమిషాల్లో చెప్పలేక వదిలేసిన విషయం ఒకటుంది. అది ఇక్కడ రాస్తున్నాను. కాస్త పెద్దదే, తీరిగ్గా చదవండి. ఎందుకంటే ఇందులో నా తప్పు కూడా ఒకటుంది.

ఐదు సెకన్ల స్లైడ్

మన ఛానల్‌లో రోజూ పొద్దున్నే ఒక షార్ట్ వస్తుంది కదా. తిథి, నక్షత్రం, వర్జ్యం, రాహుకాలం చెప్పి, చివర్లో "చరిత్రలో ఈ రోజు" అని నాలుగైదు విశేషాలు పెడతాం. దాని స్క్రిప్ట్ రాసేది నేనే. నవంబర్ 19కి రాసింది ఇదీ: ఝాన్సీ లక్ష్మీబాయి జయంతి. 1917లో ఇందిరా గాంధీ పుట్టిన రోజు. 1969లో అపోలో 12 చంద్రుడి మీద దిగిన రోజు. 1977లో దివిసీమ ఉప్పెన. 2023లో అహ్మదాబాద్‌లో వరల్డ్ కప్ ఫైనల్ ఓడిపోయిన రోజు.

ఒక్కోదానికి ఐదు సెకన్లు. వెనకాల అదే వీణ బిట్. కామెంట్లన్నీ మీరు ఊహించినట్టే ఫైనల్ మీదే. "ఈ డేట్ మనకి అచ్చిరాలేదు", "దరిద్రపు రోజు", "క్యాలెండర్‌లోంచి తీసేయండి". నేనూ నవ్వుకుని వాటికి హార్ట్ కొట్టాను.

రెండు రోజుల తర్వాత ఒక అమ్మాయి మెసేజ్ పెట్టింది. హైదరాబాద్‌లో ఉద్యోగం. పేరు చెప్పనండి, తన అనుమతితోనే రాస్తున్నాను.

"అక్కా, నాకు వచ్చే నవంబర్ 19కి పెళ్లి ముహూర్తం కుదిరింది. లగ్నం చాలా బాగుందని పంతులుగారు అన్నారు. హాల్‌కి అడ్వాన్స్ కూడా ఇచ్చేశాం. మా అమ్మమ్మది అవనిగడ్డ దగ్గర ఒక పల్లెటూరు. డేట్ చెప్పగానే 'మీ ఇష్టం తల్లీ, నేను మాత్రం రాలేనులే' అంది. అంతే, ఇంకేం మాట్లాడలేదు. మీ షార్ట్ చూపించాను, మంచి విషయాలు కూడా ఉన్నాయి కదా అని. ఆవిడ ఉప్పెన స్లైడ్ వచ్చి వెళ్లిపోయేదాకా చూసి, ఫోన్ నా చేతిలో పెట్టేసింది. అక్కా, నిజంగా ఆ డేట్ అశుభమా? పంచాంగం కరెక్టా, మా అమ్మమ్మ కరెక్టా?"

నా దగ్గర రెడీమేడ్ జవాబు ఉంది. "తేదీలు ఇంగ్లీషు క్యాలెండర్‌వి, మనకి తిథే ప్రధానం, నిశ్చింతగా చేసుకోండి" అని టైప్ కూడా చేశాను. కానీ సెండ్ నొక్కలేకపోయాను. ఆ అమ్మమ్మ ఫోన్ తిరిగి ఇచ్చేసిన పద్ధతి నాకు గుచ్చుకుంది. నేను ఐదు సెకన్లు ఇచ్చిన విషయంలో ఆవిడ ఇన్నేళ్లుగా బతుకుతోంది.

ఆ శనివారం

మనలో చాలామందికి దివిసీమ ఉప్పెన అంటే పేరు తెలుసు, అంతే. కాబట్టి కొంచెం చెప్పుకుందాం.

కృష్ణమ్మ పులిగడ్డ దగ్గర రెండు పాయలుగా చీలుతుంది. ఆ రెండు పాయలకీ సముద్రానికీ మధ్య ఉన్న నేలే దివిసీమ. నది సముద్రంలో కలిసే హంసలదీవి అక్కడే, వేణుగోపాలస్వామి ఆలయం అక్కడే. పుణ్యస్నానాలకి జనం వెళ్లే చోటు.

1977 నవంబర్ 19, శనివారం. మన లెక్కలో పింగళ నామ సంవత్సరం, కార్తీక మాసం, శుక్లపక్షం. దీపావళి వెళ్లి వారం దాటింది. నాగులచవితి అయిపోయింది, క్షీరాబ్ది ద్వాదశి ఇంకా రాలేదు. చేలల్లో వరి కోతకి వస్తున్న కాలం. సంవత్సరం మొత్తంలో ఇంతకంటే పవిత్రమైన రోజులు మనకి ఏవున్నాయి చెప్పండి?

ఆ రోజు తుపాను తీరం దాటింది. గాలివాన అక్కడివాళ్లకి కొత్త కాదు. కొత్తది సముద్రం లేచి రావడం. దాదాపు అయిదు మీటర్ల ఎత్తున నీళ్లు ఊళ్ల మీదికి వచ్చాయి. సొర్లగొంది లాంటి ఊళ్లలో ఇళ్లకి ఇళ్లే పోయాయి. చనిపోయినవాళ్లు అధికారిక లెక్కల్లోనే పదివేల దాకా ఉన్నారు. పశువులు లక్షల్లో పోయాయి. కరెంటు లేదు, దారి లేదు. లోపల ఏం జరిగిందో బయటి ప్రపంచానికి తెలియడానికే సమయం పట్టింది.

స్క్రిప్ట్ కోసం మళ్లీ వెతుకుతుంటే ఇంకో విషయం కనిపించింది. సరిగ్గా అదే రోజు సాయంత్రం ఈజిప్ట్ అధ్యక్షుడు అన్వర్ సాదాత్ ఇజ్రాయెల్‌లో విమానం దిగాడు. అంతకుముందు యుద్ధాలు చేసుకున్న దేశానికి ఒక అరబ్ దేశాధినేత బాహాటంగా వెళ్లడం అదే మొదటిసారి. ప్రపంచంలోని రేడియోలన్నీ శాంతి గురించి మాట్లాడుతున్న రోజది. ఒకే తేదీ. అక్కడ శత్రువులు చేతులు కలిపారు, ఇక్కడ తల్లుల చేతుల్లోంచి పిల్లలు జారిపోయారు.

మరి నవంబర్ 19ని మంచి రోజు అందామా, చెడ్డ రోజు అందామా?

పంచాంగం దగ్గరికి వెళ్తే

ముందు లెక్క చూద్దాం. పంచాంగానికి నవంబర్ 19 అనే తేదీతో పనిలేదు. చాంద్రమాన సంవత్సరం సుమారు 354 రోజులు. ఇంగ్లీషు సంవత్సరం కంటే పదకొండు రోజులు తక్కువ. ఆ తేడా పెరిగిపోకుండా మధ్యమధ్యలో అధిక మాసం వస్తుంది. అందుకే ఒకే తేదీ ఒక్కో ఏడాది ఒక్కో తిథి మీద పడుతుంది. 2017 నవంబర్ 19 నాటికి కార్తీకం అయిపోయి మార్గశిరం మొదలైపోయింది. 2021లో అదే తేదీన కార్తీక పౌర్ణమి, శివాలయాల్లో జ్వాలాతోరణాలు. తేదీ, తిథి మళ్లీ దాదాపు ఒకచోట కలవాలంటే పంతొమ్మిదేళ్లు పడుతుంది. 1977 తర్వాత 1996, ఆ తర్వాత 2015.

కాబట్టి "నవంబర్ 19 అశుభం" అని పంచాంగంలో ఎక్కడా దొరకదు. ఇంతవరకూ ఆ అమ్మాయి పంతులుగారు కరెక్టే.

కానీ ఇక్కడితో ఆపేస్తే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. తిథి ఒక్కటే అన్నీ నిర్ణయిస్తే, కార్తీక శుక్లపక్షంలో, నదీ సాగర సంగమం దగ్గర, అలాంటిది జరగకూడదు కదా! పవిత్ర మాసం, పవిత్ర స్థలం, దీపాలు పెట్టే జనం. అయినా నీళ్లు వచ్చాయి.

రామాయణం గుర్తు తెచ్చుకోండి. రాముడి పట్టాభిషేకానికి పుష్యమీ నక్షత్రం చూసుకున్నారు. వసిష్ఠుడంతటి గురువు ఏర్పాట్లు చూస్తున్నాడు. ఊరంతా తోరణాలు కట్టింది. తెల్లారేసరికి అదే ముహూర్తం అరణ్యవాసానికి బయల్దేరే రోజైంది. "వసిష్ఠుడు పెట్టిన ముహూర్తమే అలా అయింది" అని మన పెద్దవాళ్లు ఇప్పటికీ అంటారు. దాంట్లో నాకు తోచిన నీతి ఏమిటంటే, ముహూర్తం అనేది మంచి పని మొదలుపెట్టేముందు మనం చూపించే శ్రద్ధ. అది ఇన్సూరెన్స్ పాలసీ కాదు. రాముడు కూడా ఆ రోజుని తిడుతూ కూర్చోలేదు. పట్టాభిషేకం రోజున చేయాల్సిన పని ఒకటి, వనవాసం రోజున చేయాల్సిన పని ఇంకొకటి. ఆయన ముందున్నది ఏదో ఆ పని చేశాడు.

"వాళ్ల కర్మ" అనే మాట

ఇక్కడ ఒక జవాబు తరచుగా వినిపిస్తుంది. మన కామెంట్లలో కూడా ఉంది. "అంతమంది ఒకేసారి పోయారంటే వాళ్ల పూర్వజన్మ కర్మ."

ఈ విషయంలో నేను గట్టిగానే చెప్తాను అండి. కర్మ సిద్ధాంతం అద్దం లాంటిది. అందులో మన ముఖం చూసుకోవాలి. దాన్ని పట్టుకెళ్లి ఏడుస్తున్నవాళ్ల ముఖం మీద పెట్టకూడదు. "నాకెందుకిలా జరిగింది, నేనేం చేయాలి" అని నేను అడుక్కుంటే అది ఆత్మపరిశీలన. "నీకందుకే జరిగింది" అని ఇంకొకళ్లకి చెప్తే అది దయ లేకపోవడం. పిల్లాణ్ణి పోగొట్టుకున్న తల్లికి, వాడు ఏ జన్మలో ఏం చేశాడో చెప్పే అర్హత మనలో ఎవరికీ లేదు.

పైగా ఆ మాట నిజాన్ని దాచేస్తుంది. 1977లో తుపాను వస్తోందన్న హెచ్చరిక ఉంది. కానీ అది చివరి ఊరి చివరి గుడిసె దాకా సరిగ్గా చేరలేదు. చేరినా, వెళ్లి తలదాచుకోవడానికి గట్టి కట్టడాలు లేవు. పూరిళ్లు, మట్టిగోడలు. ఎక్కువగా పోయింది పేదవాళ్లు, పనికోసం తీరానికి వచ్చినవాళ్లు. దీన్ని "కర్మ" అనేస్తే, చేయాల్సిన పని ఎవరూ చేయక్కర్లేదు.

రోజు కాదు, పని మారింది

ఇప్పుడు ఇంకో తేదీ చెప్తాను. 1990 మే 9. దాదాపు అదే తీరం, అదే కృష్ణా డెల్టా. 1977 దానికి ఏమాత్రం తీసిపోని తుపాను. ఆ రోజు వైశాఖ పౌర్ణమి. అదీ పుణ్యతిథే.

కానీ ఈసారి లక్షన్నర మందికి పైగా జనాన్ని ముందే లోతట్టు ఊళ్ల నుంచి తరలించారు. ఉప్పెన తర్వాతి ఏళ్లలో తీరం పొడవునా తుపాను షెల్టర్లు కట్టారు. మచిలీపట్నంలో తుపాన్లని కనిపెట్టే రాడార్ పెట్టారు. గాలిని ఆపడానికి సరుగుడు తోటలు పెంచారు. చనిపోయినవాళ్ల సంఖ్య వెయ్యికి లోపే ఉంది. అది కూడా చిన్న సంఖ్య కాదు, ప్రతి ఒక్కటీ ఒక ఇల్లు. కానీ పదివేలకీ వెయ్యికీ మధ్య ఉన్న తేడా ఎక్కడి నుంచి వచ్చింది? ఒకటి కార్తీక శుక్లపక్షం, ఇంకొకటి వైశాఖ పౌర్ణమి. రెండూ మంచివే. తేడా తిథిలో లేదు. మధ్యలో మనుషులు చేసిన పనిలో ఉంది.

2004 డిసెంబర్ 26 సునామీ కూడా మార్గశిర పౌర్ణమి నాడే వచ్చింది. దత్త జయంతి. అప్పుడు హిందూ మహాసముద్రానికి సునామీ హెచ్చరిక వ్యవస్థే లేదు. 2007లో అలాంటి కేంద్రం మన హైదరాబాద్‌లోనే మొదలైంది. సముద్రం లేని ఊళ్లో కూర్చుని సముద్రం మీద రాత్రింబవళ్లు కన్నేసి ఉంచే మనుషులు ఉన్నారన్నమాట. నాకు అది కూడా ఒక దీపారాధనే అనిపిస్తుంది.

ఉప్పెన తర్వాత జరిగినవి కూడా ఇందులో కలపాలి. ఎన్టీ రామారావు గారు, అక్కినేని నాగేశ్వరరావు గారు జోలె పట్టుకుని ఊరూరా తిరిగి విరాళాలు సేకరించారు. తెరమీద రాముడిగా, కృష్ణుడిగా కనిపించే మనిషి నిజంగా వీధుల్లో చెయ్యి చాచాడు. మండలి వెంకట కృష్ణారావు గారు ఆ సీమ మనిషి, అక్కడి జనాన్ని తిరిగి నిలబెట్టే పనిలో మునిగిపోయారు. రామకృష్ణ మిషన్ సన్యాసులు వచ్చారు. ఇతర మతాల సేవాసంస్థలు వచ్చాయి, విద్యార్థులు వచ్చారు. కుళ్లిపోతున్న శవాలని ఎత్తి దహనం చేసినవాళ్లలో చాలామంది పేర్లు ఎక్కడా లేవు. కులం ఏమిటో తెలియని శవానికి చేసిన సంస్కారం కంటే గొప్ప కార్తీక వ్రతం ఏముంటుంది?

అమ్మమ్మతో మాట్లాడాను

ఇవన్నీ ఆలోచించుకుని ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. "పంచాంగం కరెక్టా, అమ్మమ్మ కరెక్టా అని అడిగావు కదా. అసలు అమ్మమ్మ ఏం అనుకుంటోందో ఎవరైనా అడిగారా?" అన్నాను. కాసేపు అటు వైపు నిశ్శబ్దం. "అడగలేదక్కా. భయపడుతోందేమో అనుకున్నాం."

తర్వాత ఆదివారం తను ఊరికి వెళ్లి, అమ్మమ్మ పక్కన కూర్చుని వీడియో కాల్ కలిపింది. పెద్దావిడ నన్ను చూసి "నువ్వేనా తల్లీ, పొద్దున్నే తిథి చెప్పే పిల్లవి" అంది. నేను ముందు ఆ ఐదు సెకన్ల స్లైడ్‌కి క్షమాపణ చెప్పుకున్నాను. ఆవిడ పట్టించుకోలేదు. ఆ తర్వాత ఆవిడ చెప్పిన మాటలు దాదాపు ఇలాగే ఉన్నాయి.

"నాకు రోజు మీద కోపం ఏముంటుందమ్మా, రోజేం చేసింది? ఆ యేడు మా పుట్టింట్లో ఆరుగురు పోయారు. మా అమ్మ, నాన్న, ఇద్దరు తమ్ముళ్లు, పెద్దతమ్ముడి పెళ్లాం, నెలల పిల్ల. నేను అత్తారింట్లో ఉండబట్టి మిగిలాను. తద్దినం పెట్టడానికి మగపిల్లాడు లేడు, ఆ ఇంటిపేరే లేదు. ప్రతి యేడూ ఆ రోజున వాళ్లని తలుచుకుని దీపం పెట్టేది నేనొక్కదాన్నే. ఆ రోజు నేను కూడా పట్టుచీర కట్టుకుని పెళ్లిభోజనం చేస్తూ కూర్చుంటే, ఇంక వాళ్లని తలుచుకునేవాళ్లు ఎవరు?"

నేను ఇన్ని పుస్తకాలు తిరగేశాను. ఈ ప్రశ్న మాత్రం నాకు తట్టలేదు. మేమంతా ఆ రోజు శుభమా అశుభమా అని వాదిస్తున్నాం. ఆవిడ అడుగుతున్నది శుభాశుభాల గురించి కానే కాదు. ఆ రోజు ఎవరిది అని అడుగుతోంది.

తిథి ఇంటిది, తేదీ ఊరిది

మన సంప్రదాయంలో పోయినవాళ్లని తిథి ప్రకారం తలుచుకుంటాం. దానికి ఒక ఇల్లు కావాలి. "ఫలానా తిథి మా నాన్నగారిది" అని గుర్తుపెట్టుకునే కొడుకో, కూతురో, మనవడో ఉండాలి. తిథి ఇంటి జ్ఞాపకం.

మరి ఇల్లు ఇల్లంతా పోతే? దివిసీమలో అలాంటి ఇళ్లు ఎన్నో. తద్దినం పెట్టాల్సినవాళ్లు కూడా అదే నీళ్లలో పోయారు. వాళ్ల తిథిని ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

అక్కడ తేదీ అవసరం నాకు అర్థమైంది. ఇప్పటిదాకా నేను తేదీ అంటే ఆఫీసులకి, పరీక్షలకి పనికొచ్చే లెక్క అనుకునేదాన్ని. కానీ బళ్లో, పేపర్లో, స్మారక స్తూపం మీద ఉండేది తేదీయే. "నవంబర్ 19" అంటే ఏ కులం వాళ్లకైనా, ఏ మతం వాళ్లకైనా, ఇంకో రాష్ట్రంలో ఉన్నవాళ్లకైనా ఒకటే. తిథి ఇంటి జ్ఞాపకమైతే తేదీ ఊరి జ్ఞాపకం. ఇల్లు మిగలనివాళ్లకి ఊరే కొడుకు కావాలి. అందుకే చరిత్రలో తేదీలు. బిట్ పేపర్ కోసం కాదు.

ఇది కొత్త మాటేమీ కాదు. భీష్ముడికి పిల్లలు లేరు. తర్పణం వదిలే వంశం లేదు. అందుకే మాఘ శుద్ధ అష్టమి నాడు, భీష్మాష్టమి అని, ఆయనతో ఏ రక్తసంబంధం లేనివాళ్లు కూడా ఆయన పేరు మీద నీళ్లు వదులుతారు. ఎవరూ లేనివాడికి అందరూ ఉంటారని మన పెద్దలు ఆచారంగానే పెట్టారు. మహాలయ పక్షంలో కారుణ్య పితృదేవతలని చెప్పి బంధువుల్నే కాదు, గురువుల్ని, స్నేహితుల్ని కూడా తలుచుకుంటాం. ఆ పేరులోనే కరుణ ఉంది చూడండి.

ఇప్పుడు నా ఐదు సెకన్ల స్లైడ్‌లో తప్పేమిటో నాకు తెలిసింది. సమయం తక్కువ ఇవ్వడం కాదు. ఒక బాకీని ట్రివియాగా మార్చేశాను. "మీకు తెలుసా?" అని అడిగాను. అడగాల్సింది "మనకి గుర్తుందా?" అని.

మరి పెళ్లి?

మీలో కొందరికి ఒక సందేహం వచ్చే ఉంటుంది. "అలా అయితే సంవత్సరంలో ఏ రోజూ మిగలదు కదా. ప్రతి తేదీనా ఎక్కడో ఒకచోట ఏదో ఘోరం జరిగే ఉంటుంది. ఇంక పెళ్లిళ్లు, గృహప్రవేశాలు ఎప్పుడు చేసుకోవాలి?"

నిజమే. 365 రోజుల్లో కన్నీళ్లు తగలని రోజు ఒక్కటీ లేదు. అందుకే "ఈ రోజు శుభ్రంగా ఉందా?" అనేది సరైన ప్రశ్న కాదని నాకు అనిపిస్తోంది. "ఈ రోజు ఎవరికి నొప్పి? ఆ మనిషి నా పక్కన ఉన్నారా? ఉంటే వాళ్ల చేయి పట్టుకున్నానా?" ఇదీ ప్రశ్న. ప్రపంచంలో ఎవరి దుఃఖం కోసమో నా పెళ్లి ఆపుకోనక్కర్లేదు. కానీ నా అమ్మమ్మ దుఃఖం తెలియకుండా నేను పీటల మీద కూర్చోకూడదు.

పైగా మన పెళ్లి పద్ధతే దీనికి దారి చూపిస్తుంది. పెళ్లికి ముందు నాంది చేస్తారు, మీలో చాలామంది ఫోటోల హడావిడిలో గమనించి ఉండరు. శుభకార్యం మొదలుపెట్టేముందు గతించిన పితృదేవతలని ఆహ్వానించి, వాళ్ల ఆశీర్వాదం తీసుకోవడం అది. అంటే మన పెళ్లిపందిట్లోకి ముందుగా వచ్చే అతిథులు పోయినవాళ్లే! దుఃఖాన్ని గుమ్మం బయట ఆపి సంతోషాన్ని లోపలికి రానివ్వడం మన సంప్రదాయం కాదు. ఇద్దరికీ పీట వేస్తుంది.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. నాందిలో పేర్లకి ఒక వంశక్రమం ఉంటుంది. అమ్మమ్మ తమ్ముళ్ల పేర్లు ఆ మంత్రాల్లో రావు. అది నేను ఆ అమ్మాయికి చెప్పాను. "మంత్రంలో రాకపోతే ఏం, మన నోట్లోంచి రావచ్చు కదా" అన్నాను. ఇంకో మాట కూడా అన్నాను. "ఇవన్నీ అమ్మమ్మకి సమ్మతమైతేనే. ఆవిడ వద్దంటే హాల్ అడ్వాన్స్ పోతే పోనీ, ఇంకో ముహూర్తం దొరుకుతుంది. అమ్మమ్మ దొరకదు."

వాళ్లు ఏం నిర్ణయించుకున్నారో మొన్న మెసేజ్ వచ్చింది. పెళ్లి ఆ రోజే. అది అమ్మమ్మ మాట. మనవరాలు వచ్చి పక్కన కూర్చుని ఆరు పేర్లూ కాగితం మీద రాసుకున్నాక, "అయితే చేసుకోండి, నేనూ వస్తాను" అందట. నెలల పిల్లకి ఇంకా పేరు పెట్టలేదట అప్పటికి, అందుకని "చిన్నతల్లి" అని రాసుకున్నారు. పెళ్లిరోజు పొద్దున్నే, మంగళవాద్యాలు మొదలవ్వకముందే, రెండు కుటుంబాలూ నిలబడి ఆరు దీపాలు పెట్టి ఆరు పేర్లూ పైకి చదువుతారు. ఏటా ఆ దంపతుల పెళ్లిరోజు వస్తుంది కదా, ఏటా ఆ దీపాలు కూడా పెడతామని అబ్బాయే అన్నాడట. ఒక్క మనిషి మోసిన జ్ఞాపకానికి ఇప్పుడు ఇంకో ఇల్లు దొరికింది.

నేను టైప్ చేసి సెండ్ చేయని ఆ జవాబే పంపించి ఉంటే, పెళ్లి ఎలాగూ జరిగేది. అమ్మమ్మ మాత్రం అవనిగడ్డ దగ్గర ఆ ఇంట్లో ఒంటరిగా ఉండేది.

సంకల్పంలో చివరి మాట

పూజకి కూర్చున్నప్పుడు సంకల్పం చెప్తాం. ఏ సంవత్సరం, ఏ అయనం, ఏ ఋతువు, ఏ మాసం, ఏ పక్షం, ఏ తిథి, ఏ వారం. శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నాం, ఏ నదుల మధ్య ఉన్నాం. ఆ తర్వాత మన గోత్రం, మన పేరు. మనలో చాలామంది ఇదంతా గబగబా అయిపోవాలని చూస్తాం. కానీ ఇంత కాలాన్నీ, ఇంత దేశాన్నీ చెప్పుకున్నాక ఆఖరికి వచ్చే మాట ఏమిటి? "కరిష్యే". చేస్తాను.

అంటే రోజు గురించి ఎంత చెప్పినా వాక్యం పూర్తి కాదు. "నేను ఈ పని చేస్తాను" అన్నప్పుడే పూర్తవుతుంది. రోజుకి పాపం లేదు, పుణ్యం లేదు. రోజు ఒక ఖాళీ పళ్లెం, ఒక్కోసారి పాత బాకీ ఉన్న పళ్లెం. అందులో ఏం పెడతామన్నదే మన వంతు. 1977 తర్వాత కొందరు అందులో షెల్టర్లు పెట్టారు, కొందరు జోలె పట్టి తెచ్చిన రూపాయలు పెట్టారు. ఈ అమ్మాయి ఆరు దీపాలు పెడుతోంది.

ఇక నా వంతు. ఈసారి నవంబర్ 19న మన షార్ట్‌లో ఒకటే విశేషం ఉంటుంది. వీణ బిట్ ఉండదు. దివిసీమ ఊళ్ల పేర్లు ఒక్కొక్కటిగా చదువుతాం, అంతే. మిగతా విశేషాలు ఇంకో వీడియోలో చెప్పుకోవచ్చు, ఫైనల్ బాధ కూడా అప్పుడే పంచుకుందాం.

మీ వంతుగా చిన్న పని ఒకటి. ఈ వారం మీ ఇంట్లో పెద్దవాళ్లకి ఫోన్ చేసి, "నీకు ఏ తేదీ అంటే కష్టంగా ఉంటుంది?" అని అడగండి. చెప్పింది ఓపిగ్గా వినండి, మధ్యలో పరిహారాలు చెప్పకండి. ఆ తేదీని మీ ఫోన్‌లో, పుట్టినరోజుల పక్కనే, రిమైండర్‌గా పెట్టుకోండి. వాళ్లకి అభ్యంతరం లేకపోతే ఆ తేదీ, ఆ ఊరు కింద కామెంట్‌లో రాయండి. ప్రతి ఒక్కటీ చదువుతాను. ఈసారి హార్ట్ కొట్టి వదిలేయను.

స్వస్తి.